అడవిచదువు

రైలుబండి యెక్కని పెద్దలు మనలో నిప్పుడు మిక్కిలి యరుదు. అయినను, స్టేషనులో బండికొఱకు వేచియుండి, ఇనుపకమ్మీలక్రింద నేమి పఱచినారని వంగి చూచినవారు కొలదిమందియే యుందురు. ఇప్పుడచ్చట సిమెంటుదిమ్మెలు కనబడుచున్నవి. పూర్వము కొయ్యదిమ్మెలుండెడివి. వానిని స్లీపర్లందురు. ఒక మైలు దారి వేయుటకు 1,760 మొదలు 2,000 వఱకు స్లీపర్లు కావలసియుండెను. 1853వ సంవత్సరమున బొంబాయియొద్ద మొదటి ప్రయాణికుల బండి నడచెను. 1856లో మద్రాసునుండి ఆర్కాటుదిక్కునకు దారి తెఱచిరి. వేసిన కొయ్యయైనను చిరకాలము నిలుచునా? ఎండకు, వానకు, చెదలకు లోనై కొన్నియేండ్లకే తీసివేసి క్రొత్తది వేయవలసివచ్చెడిది. టేకు, గుగ్గిలము, దేవదారు మొదలగు కొలదిజాతులు దప్ప తక్కినవి యా బరువునకాగవు. అంతియేకాదు, బొగ్గు దొరకని మన దక్షిణదేశమున నింజనుపొయ్యిలోనికిని కట్టెలే కావలసివచ్చెను.

ఈ రైలుకమ్మీయే మనదేశమున అడవిచదువునకు బీజము. ఇది వినుటకు వింతగా నుండవచ్చును. చెట్టు పెంచుట, చెట్టు కొట్టుట మనకు సీమదొరలు నేర్పవలెనా యని మీరడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. ఈ ప్రసంగములో నేను చెప్పబూనినదంతయు నా ప్రశ్న చుట్టునే తిరుగును.

మొట్టమొదట ఒక మలయాళదేశస్థుని పేరు చెప్పవలెను. ఆయన పేరు చాతుమేనోన్. మలబారుజిల్లాకు కానలీ యనునతడు కలెక్టరుగా నున్నకాలమది. ఓడలు కట్టుటకు టేకు చాలక, పశ్చిమకనుమలలోని పెద్దచెట్లన్నియు తఱిగిపోవుచుండెను. కొట్టినచోట మరల పెంచవలెనని కానలీ సంకల్పించి, 1840 ప్రాంతమున నీలంబూరులో నేటియొడ్డున భూమిని సంపాదించెను. కాని టేకువిత్తనము మొలవదయ్యెను. టేకుకాయ పైపెంకు రాయివలె గట్టిగా నుండును. నీటిలో నానబెట్టి, ఎండబెట్టి, మరల నానబెట్టి, అట్లు పలుమార్లు చేసినగాని, లేక కొంచెము నిప్పుసెగ తగిలినగాని లోని మొలక వెలికి రాదు. సీమనుండి వచ్చిన తోటపనివారి యెరుకకిది యందలేదు. చివరకు పనిని చాతుమేనోన్ చేతబెట్టిరి. ఆయన మొలకలెత్తించెను, నాటించెను, కలుపు తీయించెను, ఎడము చేయించెను. 1862 వఱకు సుమారిరువదియేండ్లా పనియందే యుండెను. ఆ నాటిన చెట్లలో కొన్ని నేటికిని నీలంబూరులో నిలిచియున్నవి. చూడబోయినవారు వానిచుట్టు చేతులు చాపి కౌగిలింప లేక నవ్వుకొందురు. ఏ పాఠశాలలోను చదువని వాని చేతిపని యది.

ఇక సీమవారి చదువు మాట. అడవిని శాస్త్రముగా పెంచు విద్య జర్మనుదేశమున పుట్టినది. సాక్సనీ ప్రాంతమున వెండిగనులుండెను. గనులకు దూలములు, కొలుములకు బొగ్గు కావలసి యడవులు నశించుచుండగా, గనుల పాలకుడైన కార్లోవిట్జ్ అనునతడు 1713లో నొక గ్రంథము వ్రాసెను. ఏటేట పెరిగినంతయే కొట్టవలెను గాని, అంతకుమించి కొట్టరాదని దాని సారము. మనవైపు చెఱువుక్రింద సేద్యము చేయువారికిది క్రొత్తమాట కాదు. తూము ఎత్తి యొక్కనెలలో నీరంతయు వదలినవాని పైరు పొట్టమీదనే యెండునని నీరుగంటివానికి తెలియును. అయితే చెఱువులో నీటిమట్టము కంటికి కనబడును, అడవిలో కనబడదు. ఈయేడు పెరిగినదెంత? కొట్టినదెంత? ఇది కొలుచుటయెట్లు? ఆ కొలతయే వారి విద్య. హైన్రిఖ్ కోటా యనునతడు 1811లో థరాంట్ అనుచోట పాఠశాల పెట్టెను. ఫ్రాన్సుదేశమువారు 1824లో నాన్సీపట్టణమున మఱియొకటి పెట్టిరి. ఇంగ్లండులో నట్టిదొకటియు లేకుండెను. సముద్రములనేలిన దేశమునకు కొయ్య కావలసినపుడెల్ల పరదేశమునుండి తెచ్చుకొనుట యలవాటు గదా!

అందుచేతనే మనదేశపుటడవులను చూచుటకు ఆంగ్లప్రభువులు జర్మనును పిలువవలసివచ్చెను. ఆయన డీట్రిఖ్ బ్రాండిస్. 1824లో బాన్ నగరమున జన్మించి, వృక్షశాస్త్రము చదివినవాడు. 1856లో బర్మాలోని పెగూ టేకుటడవులకు అధికారిగా వచ్చెను. రాగానే యాతనికెదురైన ప్రశ్న ఒక్కటే: ఈ యడవిలో టేకుచెట్లెన్ని యున్నవి? ఎవరికిని తెలియదు. వర్తకులు చాలగలవనిరి, కొందఱు అయిపోయినవనిరి.

బ్రాండిస్ ఏనుగునెక్కి యడవులలో ప్రవేశించెను. వానకాలమున బర్మాయడవిలో కాగితము నిలువదు, తడిసి ముద్దయగును. అందుచే ఎడమచేత నాలుగు కఱ్ఱముక్కలు పట్టుకొని, కుడిచేత చాకు పట్టుకొనెను. చెట్ల లావునుబట్టి నాలుగు తరగతులేర్పఱచి, ఒక్కొక్క తరగతికొక్కొక్క కఱ్ఱ కేటాయించెను. దారికిరుప్రక్కల టేకుచెట్టు కనబడినప్పుడెల్ల దాని లావును కంటితో నంచనాకట్టి, ఆ తరగతి కఱ్ఱపై నొక గాటు పెట్టెడివాడు. సాయంకాలము డేరాచేరి, గాట్లు లెక్కించి పుస్తకమున నెక్కించుకొనెడివాడు. మన పాలవాడుకలవారు గోడమీద సున్నపుగీతలు గీసి నెలాఖరున లెక్క తేల్చుకొనునట్లే. ఇట్లు నెలలతరబడి, మన్యపుజ్వరముతో బాధపడుచు, తిరిగెను.

ఈ గాట్లనుండి యాతడు తీసిన లెక్కను మీ యెదుట కొంచెము విప్పి చెప్పెదను. ఎందుకనగా అడవిచదువులో నిదియే మొదటిపాఠము. ఒక పల్లెలో నెన్ని యావులను ప్రతియేడు సంతకు తోలవచ్చును? ఎన్ని పెయ్యలు చూడియావులగుచున్నవో చూచుకొని, అన్నిటినే తోలవచ్చును. అట్లే, కొట్టదగిన లావుగల మొదటితరగతి చెట్లొక యడవిలో 2,400 ఉన్నవనుకొందము. రెండవతరగతి చెట్లు పెరిగి మొదటితరగతిలోనికి వచ్చుటకు 24 సంవత్సరములు పట్టుననుకొందము. అప్పుడు సంవత్సరమునకు 100 చెట్లకు మించి కొట్టరాదు. ఇరువదినాలుగేండ్లలో పాతవి యైపోవునప్పటికి క్రొత్తవి సిద్ధముగా నుండును. రెండవతరగతి చెట్లు తక్కువగా నున్నచో కోత నింకను తగ్గింపవలెను. లెక్క యింతే. కాని దీని నమలులో బెట్టుటకు, ఈయేడే లాభము కావలెనని తొందరపడు కంపెనీలతో బ్రాండిస్ పోరాడవలసివచ్చెను.

బర్మాలోనే యాతడు మఱియొక పని చేసెను. కొండలమీద కరెన్లను జాతివారు, మన ఏజన్సీలోని పోడుసేద్యమువంటిదే, అడవి నఱకి కాల్చి, వరి చల్లి, రెండుమూడేండ్లకు వేఱుచోటికి పోయెడివారు. దానిని బర్మావారు తాంగ్యా యందురు, కొండపొలమని యర్థము. వీరిని వెడలగొట్టుడని సర్కారులో పలువురనిరి. బ్రాండిస్ వారిని వెడలగొట్టక, కాల్చిన నేలలో వరితోబాటు టేకునుగూడ నాటుడని యడిగెను. వారు పొలము విడిచిపోవునప్పటికి టేకుమొక్క మోకాలు దాటియుండును. బ్రతికిన మొక్కలనుబట్టి కూలి. ఆ పద్ధతి బర్మానుండి బంగాళమునకును, కేరళమునకును, తరువాత ఆఫ్రికాకును ప్రాకినది. దీనిలో నొక చిక్కున్నది. దానిని దాచుట న్యాయముకాదు. కరెను నాటిన టేకు కరెనుది కాదు, సర్కారుది. తరతరములుగా తిరిగి తిరిగి దున్నుకొనిన కొండ, టేకు పెరిగినకొలది, వానిదికాక పోయెను. చేతి నేర్పు వానిది, చెట్టు మఱియొకరిది. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు.

1864లో బ్రాండిస్ భారతదేశమున కంతటికిని మొట్టమొదటి అడవుల ఇన్‌స్పెక్టరు జనరలయ్యెను. మన మద్రాసురాజధానిలో నంతకుముందే, 1856లో, క్లెగ్‌హార్న్ అను వైద్యుడు మొదటి కన్సర్వేటరుగా నియమింపబడియుండెను. అధికారులు వచ్చిరి గాని, పని తెలిసినవారు లేరు. సైన్యమునుండి వచ్చినవారు, వైద్యులు, వేటకాండ్రు మొదలగువారే అప్పటి యడవి యధికారులు. వేట తెలిసినవానికి పులి జాడ తెలియును. టేకు వయస్సు తెలియదు. 1866లో జర్మనీనుండి ష్లిఖ్, రిబెన్‌ట్రాప్ అను నిద్దఱిని తెప్పించిరి. ఇంగ్లీషు పడుచువాండ్రను నేర్చుకొనుటకు ఫ్రాన్సు, జర్మనీలకు పంపిరి. ష్లిఖ్ 1875లో ఇండియన్ ఫారెస్టర్ అను పత్రికను స్థాపించెను. అది నేటికిని వెలువడుచున్నది.

అయితే పైయధికారి యొక్కడు చదివినంతమాత్రమున అడవి నిలుచునా? గుఱ్ఱమెక్కి యేటికొకసారి వచ్చువాడు వాడు. ప్రతిదినము నడవిలో నుండి, గుర్తు వేసి, కోత కోయించి, మొక్కలు కాచెడివాడు రేంజరు. రేంజరులను ఈ దేశమువారినుండియే తయారుచేయవలెనని బ్రాండిస్ పట్టుబట్టి, 1878లో డెహ్రాడూన్‌లో అడవి పాఠశాలను నెలకొల్పెను. హిమాలయపుగడపలో నున్న యూరది. కాప్టెన్ బైలీ యనువాడు దానికి మొదటి అధిపతి. పాఠశాలకు గదులకంటె ముందు అడవినిచ్చిరి. అదియే దాని గొప్ప. డెహ్రాడూన్, సహారన్‌పూరు, జౌన్సారు ప్రాంతముల యడవులను పాఠశాల క్రిందనే చేర్చి, స్కూల్ సర్కిల్ అని పేరుపెట్టిరి. ఒకప్రక్క లోయలో గుగ్గిలపుచెట్లు. పైకి పోయినకొలది సరళవృక్షములు, దేవదారులు. వానకాలమున గదిలో పాఠము, తక్కినకాలమున అడవిలో పని. గొలుసుతో భూమిని కొలుచుట, పటము వ్రాయుట, చెట్ల జాతుల నెఱుగుట, కొయ్యను కోసి యేటివలయముల లెక్కించుట, నారుపోయుట, దారులువేయుట, చట్టము, లెక్కలు, ఇవన్నియు నేర్చుకొనవలెను. వేడిమిలో కాలినడకన తిరుగలేని విద్యార్థికచ్చట చోటులేదు.

ఈ పాఠశాలతో మన తెలుగుదేశమునకొక సంబంధము కలదు. గాంబుల్ అనునాయన 1880 తరువాతి దశాబ్దమున మద్రాసురాజధాని యుత్తరభాగపు అడవులకు, అనగా మన తెలుగుజిల్లాల యడవులకు, కన్సర్వేటరుగా నుండెను. తరువాత 1890 మొదలు 1899 వఱకు డెహ్రాడూన్ పాఠశాలకు అధిపతి యయ్యెను. ఆయన 1881లో భారతదేశపు కలపనుగూర్చి ప్రకటించిన గ్రంథములో ఒక్కొక్క చెట్టునకు లాటిన్‌పేరుతోబాటు దేశభాషలలోని పేర్లును వ్రాసెను. వానిలో తెలుగుపేర్లును గలవు. ఈ సంగతికి మరల వచ్చెదను.

పాఠశాల నేర్పినదంతయు సత్యమని తలపరాదు. అది నేర్పిన పెద్దపాఠములలో నొకటి నిప్పును గూర్చినది. అడవికి నిప్పు శత్రువు. ఒక్క నిప్పురవ్వనైనను చొరనీయరాదు. జర్మనీనుండి, ఫ్రాన్సునుండి వచ్చినవారికిది వేదవాక్యము. మధ్యరాష్ట్రములలోని బోరి యడవిలో 1860 తరువాత మొదలుపెట్టి, దేశమంతట మంటలు దాటకుండ బాటలు నఱకించి, వేసవియంతయు కాపలాపెట్టి, ఇన్ని మైళ్ల యడవిని నిప్పునుండి కాపాడితిమని యేటేట గర్వముగా లెక్కలు వ్రాసికొనిరి. నిప్పుపెట్టిన పల్లెలను దండించిరి.

ఇరువది ముప్పదియేండ్లు గడచినవి. బర్మాలో తడియడవుల లోపలికి పోయి చూచినవారికొక వింత కనబడెను. పెద్ద టేకులు పచ్చగా నున్నవి. క్రింద పిల్లటేకు లేదు! నిప్పులేకపోవుటచే వెదురును, తీగలును, నీడచెట్లును దట్టముగా క్రమ్ముకొని, వెలుతురు నేలకు చేరకపోయెను. టేకుమొలకకు వెలుతురు ప్రాణము. మీదుమిక్కిలి, ఆ రాయివంటి పెంకును పగులజేయు వేసవిమంట లేకపోయెను. 1896లో స్లేడ్ అను నధికారి, బర్మాలో నిప్పుకాపలా మితిమీరినదని ఇండియన్ ఫారెస్టర్‌లోనే వ్రాసెను. మొదట పెద్దలు కోపించిరి. పిదప, ఇరువదవ శతాబ్దము తొలియేండ్లలో, తడియడవులలో నా కాపలాను కొంచెముకొంచెముగా మానుకొనిరి. ఉత్తరదేశపు గుగ్గిలపుటడవులలోను నిదే యనుభవమయ్యెను.

ఈ కథ విని, అడవికి నిప్పుపెట్టుట మంచిదని యెవరును తీర్మానింపకుందురుగాక. మన నల్లమల, శేషాచలములవంటి యెండుటడవులలో ఏటేట పెద్దమంట వచ్చినచో లేతమొక్క యొక్కటియు నిలువదు. పైమట్టి వట్టిదై తొలివానకే కొట్టుకొనిపోవును. ఏ యడవికి, ఏ నెలలో, ఎంత నిప్పు అనుటయే ప్రశ్న. ఆ వివరము కొండమీద నివసించువానికి తెలియును. వాడు చెప్పుచునే యుండెను. కాని వాడు ముద్దాయిగా నిలువబడి చెప్పెను. ముద్దాయి చెప్పిన పాఠమునెవరు వ్రాసికొందురు?

ఇప్పుడు చట్టములమాట. 1865లో నొకటి, 1878లో దానికంటె కఠినమైనదొకటి వచ్చెను. పాఠశాల పుట్టిన సంవత్సరమును, చట్టము పుట్టిన సంవత్సరమును ఒక్కటియే యగుట గమనింపదగినది. అడవులన్నియు సర్కారువేయని, పల్లెవారు పొందుచున్నది వట్టి దయయే యని బేడెన్ పావెల్ మొదలగువారి వాదము. బ్రాండిస్ దాని నంగీకరింపలేదు. కొంత యడవి సర్కారుకుండవలెను. కొంత పల్లెల యుమ్మడి యడవిగా నుండవలెను. దానిని పల్లెవారే నడుపుకొనుట నేర్చుకొనవలెనని యాయన పలుమార్లు వ్రాసెను. మన మద్రాసు రెవిన్యూబోర్డు ఇంకను ముందుకు పోయినది. 1871లోనే యది, ఈ రాజధానిలో నేదో యొక పల్లె పొలిమేరలో చేరని యడవి దాదాపు లేదనియు, ఇటీవలివఱకు సర్కారు వానిపై హక్కు చెప్పుకొనియే యుండలేదనియు స్పష్టముగా చెప్పెను. సర్కారు కొలువులోని యొక కచ్చేరీ సర్కారుకే యెదురుచెప్పి యిట్లు వ్రాయుట చరిత్రలో తఱచుగా కనబడదు. ఆ కారణముచేతనే 1878 చట్టము మద్రాసుకు వర్తింపలేదు. బ్రాండిస్ స్వయముగా మద్రాసునకు వచ్చి చర్చించిన పిమ్మట, 1882లో మద్రాసు అడవిచట్టము వేఱుగా పుట్టెను.

బోర్డువారి వాదము కాగితముమీద మిగిలినది. చట్టము నమలుజరిగినకొలది మన కడప, కర్నూలు, నెల్లూరు, గుంటూరు మొదలగు జిల్లాలలో నడవికి రాళ్లుపాతి రిజర్వులు చేసిరి. పొలమునకు పచ్చియాకు, నాగలికి కొయ్య, పొయ్యికి కట్టె, పశువునకు మేత, ఇవన్నియు నొక్కసారిగా చీటికి, రుసుమునకు లోనయ్యెను. పుల్లరి యన్నమాట మీలో పెద్దవారు తమ తాతలనోట వినియుందురు. మేకలను చొరనీయలేదు. అడవిలో మేక చేయు కీడు నిజమే. లేతచిగురును మొదలంట కొఱుకును. కాని యెందుకు చొరనీయరో పల్లెవానికెవ్వరైన కూర్చుండబెట్టి చెప్పిరా? రేంజరునకు పాఠశాల యుండెను. పల్లెవానికున్న పాఠశాల బందెలదొడ్డి. వాని గురువు అడవిజవాను. గురుదక్షిణయెంతో, రసీదు లేకుండ నెంతో, పెద్దలకు నేను చెప్పనక్కఱలేదు.

దాని ఫలము పల్నాటిలో కనబడినది. 1921లో రైతులు పుల్లరి కట్టమని, అధికారులకు నిప్పు నీరు పుట్టనీయమని కట్టుబడిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడునొద్ద పోలీసుకాల్పులలో కన్నెగంటి హనుమంతు ప్రాణములు విడిచెను. ఆయనను మనము స్వాతంత్ర్యవీరుడని పూజించుట యుచితమే. అయితే యా పోరాటము మొదట పశువులమేతను గూర్చి పుట్టినదని మఱువరాదు. ఏ బీడు ఎన్ని పశువులనోర్చును, ఏ నెలలో మూసివేసి యే నెలలో తెఱువవలెను అనునది అడవిశాస్త్రములో నొక యధ్యాయము. ఆ యధ్యాయమును తుపాకితో చెప్పిరి.

అంతకుముందే, 1913లో, మద్రాసు అడవికమిటీ యొకటి ఊరూర విచారణచేసి, పల్లెలదగ్గఱి మేతబీళ్లను, వంటచెఱకు అడవులను పంచాయతీలకప్పగింపుడని సలహా యిచ్చియుండెను. దానిపై అడవిపంచాయతీలు కొన్ని యేర్పడినవి. కొన్ని బాగుగా నడచినవి, కొన్ని కక్షలపాలై చెడినవి. చెడినవానిని చూపి పల్లెవారికి చేతకాదనుట సులభము. కాని డెహ్రాడూన్ విద్యార్థికి సంవత్సరములతరబడి నేర్పి యప్పగించిన పనిని, పల్లెపెద్దలకు నొక దస్తావేజు చేతబెట్టి అప్పగించిరి.

దక్షిణదేశపు రేంజరులకొఱకు 1912లో కోయంబత్తూరులో మద్రాసు అడవికళాశాల వెలసినది. అచ్చట గాస్ అను కన్సర్వేటరు 1902లోనే కొయ్యలు, పూసలు, జంతువుల యెముకలు మొదలగువానిని కూర్చి వస్తుప్రదర్శనశాల నేర్పఱచియుండెను. మన తెలుగుజిల్లాల రేంజరులనేకులచ్చట చదివినవారే. క్లెగ్‌హార్న్ తరువాత మద్రాసుకు కన్సర్వేటరయిన బెడ్డోమ్ పేర నొక యీతవంటి ప్రాచీనవృక్షము శేషాచలముకొండలలో నున్నది; ప్రపంచమున నాచుట్టుప్రక్కల దప్ప మఱియెచ్చటను స్వతస్సిద్ధముగా మొలవదు. ఎఱ్ఱచందనమునకును పుట్టినిల్లాకొండలే. డెహ్రాడూన్‌లో 1906లో పరిశోధనాలయమేర్పడి, 1929లో నేటి పెద్దభవనములోనికి మాఱినది. ఉత్తరదేశయాత్ర పోయినపుడు, గంగాదర్శనముతోబాటు దానినిగూడ చూచిరండని చెప్పుదును.

బ్రాండిస్ 1883లో కొలువు చాలించి స్వదేశమునకు పోయెను. ఊరక కూర్చుండలేదు. సీమలో చదువు అడవివిద్యార్థులను జర్మనీయడవులలో త్రిప్పి చూపెడివాడు. 1889లో గిఫర్డ్ పించో అను అమెరికా యువకుడు చదువునిమిత్తము యూరపునకు వచ్చి, ఆయనకు శిష్యుడయ్యెను. ఆ పించోయే 1905లో అమెరికా అడవులశాఖకు మొదటి అధిపతియైనవాడు. యేల్ విశ్వవిద్యాలయమున 1900లో అడవిపాఠశాలకు ధనమిచ్చినది వాని కుటుంబమే. బర్మాలో ఏనుగుమీద పెట్టిన గాట్లు అట్లు సముద్రములు దాటినవి. ఎనుబదియవ పడిలో పడి బ్రాండిస్ 1906లో భారతదేశపు చెట్లను గూర్చి మహాగ్రంథమొకటి ప్రకటించి, మఱుసటియేడు మరణించెను.

తరువాతి కథ మీరు చూచినదే గనుక క్లుప్తముగా చెప్పెదను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటను చట్టము, కొలువు, పాఠము చాలకాలము పాతదారిలోనే నడచినవి. 1988లో జాతీయ అటవీవిధానము మాఱి, అడవినుండి వచ్చు రాబడికంటె నేల, నీరు, ప్రక్కపల్లెల అవసరములు ముఖ్యమని చెప్పెను. 1992లో మన ఆంధ్రప్రదేశమున వనసంరక్షణసమితులేర్పడెను. 2006లో అడవిలో తరతరములుగా నివసించువారి హక్కుల నొప్పుకొనుచు పార్లమెంటు చట్టము చేసెను. ఊరి యుమ్మడి యడవిని ఊరివారే కాపాడి నడుపుకొను హక్కును దానిలో గలదు. 1871లో మద్రాసుబోర్డు పలికిన మాట చట్టమగుటకు నూటముప్పదియైదేండ్లు పట్టెను. 2016లో తెలంగాణమున సిద్ధిపేటజిల్లా ములుగునొద్ద అడవికళాశాల యొకటి ప్రారంభమైనది. ఇప్పుడు మన పిల్లలు, ఆడపిల్లలతో సహా, అడవిచదువునకై కోయంబత్తూరికో, డెహ్రాడూన్‌కో పోనక్కఱలేదు.

ఆ పిల్లలు మీ యూరిప్రక్క కొండకు వచ్చుటయు తటస్థింపవచ్చును. చెట్టునొద్ద నిలిచి, నేలనుండి నాలుగున్నర యడుగుల యెత్తున, అనగా మనిషి రొమ్మెత్తున, టేపు చుట్టి లావు కొలుచుచుందురు. అది బ్రాండిస్ కఱ్ఱమీది గాటే. వారిచేతిలోని జాబితాలో చెట్లకు లాటిన్‌పేర్లుండును. అప్పుడు వారొక పని చేయవలసియుండును. నల్లమద్ది యేది, చిరుమాను ఏది, నారయేపి యేది యని యడుగవలసియుండును. గాంబుల్ గ్రంథములోని తెలుగుపేర్లును ఇట్లడిగి వ్రాసికొన్నవే. అడిగినపుడు పేరుమాత్రము చెప్పి యూరకొనకుడు. అది యే నెలలో పూచునో, ఏ కాయను పశువు తినునో, మీ చిన్ననాట ఆ కొండపై అవెన్ని యుండెడివో, ఏ యేటినుండి తఱిగినవో, అదియు వ్రాసికొనుమని చెప్పుడు.